నల్లత్త కొండ అయిన రోజు

కాలువలకు నీళ్ళు ఆపేసి చాలా రోజులైంది. చేలు కోతలైపోయి, నేల నెర్రెలిచ్చి, గట్ల మీద గడ్డి కూడా ఎండిపోయింది. ఆ ఎండలో మనుషులే బయటికి రావడానికి బద్ధకిస్తున్నారంటే, పశువుల సంగతి చెప్పాలా?

కాలువ గట్టును ఆనుకుని రాయుడుగారి మకాం ఉంది. మకాం అంటే పెద్ద మేడనుకునేరు. పొలంలో ఒక తాటాకు పాక, దాని చుట్టూ కంపదడి, ఒక మామిడిచెట్టు, గడ్డిమేటు, కుడితి గోలెం. అంతే. అందులో నల్లత్త అనే ముసలి గేదె, బంగారి అనే మేక, చుక్కమ్మ అనే కోడిపెట్ట తమ తమ పిల్లలతో కాపురం ఉంటున్నాయి. కాపలాకి వీరన్న అనే కుక్క ఉంది గానీ, మధ్యాహ్నమయ్యేసరికి పాలేరు సోములు భోజనానికి ఊళ్ళోకి వెళ్తే, అతని వెనకే తోకూపుకుంటూ వెళ్ళిపోతుంది. అది తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతుంది. ఈ సంగతి మకాంలో అందరికీ తెలుసు. మకాం బయట ఉన్నవాళ్ళకీ తెలుసు.

వేసవి వచ్చిందంటే చుక్కమ్మకు కంటి మీద కునుకు ఉండదు. కిందటి వేసవిలో దాని పిల్లలు దడి దాటి గట్టు మీదికి ఆడుకోవడానికి వెళ్ళాయి. వెళ్ళినవాటిలో రెండు తిరిగి రాలేదు. తెగిన చెవి నక్క ఒకటి వాటిని ఎత్తుకుపోయింది. అందరికీ తెలిసింది అంతే. ఆ రోజు ఏం జరిగిందో పూర్తిగా తెలిసింది చుక్కమ్మ ఒక్కదానికే. అది ఎవరికీ చెప్పలేదు.

చుక్కమ్మ వంశంలో ఒక ఆచారం ఉంది. తల్లి గొంతులోంచి “క్రర్” మని ఒక కేక వస్తే, పిల్లలు ఎక్కడున్నవి అక్కడే నేలకు కరుచుకుపోవాలి. కదలకూడదు, కళ్ళు కూడా ఆర్పకూడదు. ఆకాశంలో గద్ద తిరుగుతుంటే ఆ కేక ప్రాణం కాపాడుతుంది, ఎందుకంటే కదలనిది గద్ద కంటికి ఆనదు. చుక్కమ్మ వాళ్ళమ్మ అదే నేర్పింది, ఆవిడకు వాళ్ళమ్మ అదే నేర్పింది. కిందటేడు నక్కను చూడగానే చుక్కమ్మ అదే కేక వేసింది. పిల్లలు బుద్ధిగా నేలకు కరుచుకున్నాయి. నక్క తాపీగా నడిచి వచ్చి వాటిని ఏరుకుంది. అప్పటి నుంచి ఆ పెట్ట తన గొంతు తాను వింటేనే ఉలిక్కిపడుతోంది.

అందుకని ఈ వేసవికి అది ఒక నిర్ణయానికి వచ్చింది. వానలు పడేదాకా పిల్లలెవరూ దడి దాటకూడదు. చెప్పడం తేలికే. కాళ్ళు నిలవని పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టడం ఎలా? దానికి దారి ఒక రోజు మంచం కింద దొరికింది. రాయుడుగారి కోడలు మామిడికాయలు కోయించడానికి వచ్చి, నులకమంచం మీద కూర్చుని చెల్లెలితో ఫోనులో మాట్లాడుతోంది. పిల్లల్ని ఎండలో ఎక్కడికీ పంపదట, ఇంట్లోనే సమ్మర్ క్యాంపు పెడుతుందట, వారానికో థీము అట, ఒక వారమంతా సముద్రం, ఇంకో వారమంతా ఆకాశం, ఆటలూ పాటలూ తిండీ అన్నీ దాని మీదేనట. మంచం కింద గింజలు ఏరుకుంటున్న చుక్కమ్మ ఏరడం మానేసి మొత్తం వింది.

ఆ సాయంత్రమే మామిడిచెట్టు కింద మీటింగు పెట్టింది. థీము అంటే ఏమిటని నల్లత్త అడిగింది. చుక్కమ్మకు కూడా సరిగ్గా తెలియదు గానీ, ఏ పని చేసినా ఒకే ఊసు మీద చేయడమని ధైర్యంగా చెప్పింది. బంగారికి నవ్వొచ్చింది.

“మా వంశంలో ఎప్పుడూ అదేగా వదినా. పొద్దున్నించి సాయంత్రం దాకా తిండి మీదే ఉంటాం.”

నవ్వినా, పని మాత్రం పంచుకుంది. మేకపిల్లలు ఇద్దరు, తెల్లోడూ మచ్చోడూ, పాక కప్పెక్కి తాటాకులు పీకుతున్నారని సోములు చేత తిట్లు పడీపడీ దానికీ విసుగెత్తింది. నల్లత్త కొడుకు గుండోడైతే సరే సరి, వాడు ఎటు నడిస్తే అటు ఏదో ఒకటి విరుగుతుంది.

మొదటి వారం నీళ్ళ వారం. గోలెం చుట్టూ ఆటలు. గుండోడు గోలెంలో దిగి కూర్చోవడంతో నీళ్ళన్నీ బయటికి పోయి, ఆ వారం కాస్తా బురద వారమైంది. పిల్లలకు అదే ఇంకా బాగుంది. చుక్కమ్మకు మాత్రం బాగోలేదు. పొద్దున పాట, తర్వాత పరుగు, తర్వాత పలహారం, తర్వాత కునుకు అని అది మనసులో ఒక వరస పెట్టుకుంది. ఆ వరస తప్పితే దాని ప్రాణం విలవిల్లాడేది. కునుకు వేళ ఎవరైనా కళ్ళు తెరిస్తే వచ్చి ముక్కుతో పొడిచేది. అందరూ దాన్ని చూసి చాటున నవ్వుకునేవారు. ఎందుకంత కంగారో తెలిస్తే నవ్వేవారు కాదు.

తర్వాత వచ్చింది అడవి వారం. ఆ వారం చివర వేషాల పోటీ అని చెప్పగానే మకాం మకాంలా లేదు. గుండోడు ఒంటికి సున్నపు చారలు పూసుకుని పులి అయ్యాడు. మచ్చోడు పొయ్యిలో మసి పులుముకుని ఎలుగుబంటి అయ్యాడు. కోడిపిల్లలు కొబ్బరాకు చీలికలు తోకలకు కట్టుకుని నెమళ్ళయ్యాయి. తెల్లోడు కొబ్బరిపీచుతో ఇంత లావు తోక కట్టించుకుని నక్కనయ్యానన్నాడు. నక్క వేషం మీద చుక్కమ్మకు మనసు లేదు. కానీ వాడు ఏడుపు మొహం పెట్టేసరికి సరేనంది.

నల్లత్త మెల్లిగా దగ్గరికొచ్చింది.

“నాకూ ఏదన్నా వేషం చెప్పవే అమ్మాయ్. ఊరికే కూర్చోవాలంటే తోచట్లేదు.”

అడవిలో గేదెలకు పనేముంటుంది, నువ్వు నీడన పడుకుని చూస్తూ ఉండత్తా అని చుక్కమ్మ కొట్టిపారేసింది. నల్లత్త గుమ్మం దగ్గరికి పోయి, వచ్చేపోయేవాళ్ళనైనా చూసుకుందామని కూలబడింది. దానికి చూపు సరిగ్గా ఆనదు. అయినా గుమ్మంలో అంత ఒళ్ళు అడ్డంగా పడి ఉంటే చాలదా అనుకున్నారు అందరూ.

దడి అవతల తెగిన చెవి నక్క ఇదంతా వింటోంది. దాన్ని మాత్రం ఏం అనగలం? కాలువలో నీళ్ళు లేవు, నీళ్ళు లేక పీతలు లేవు, కోతలైపోయాక చేలల్లో ఎలుకలూ లేవు. డొక్కలు వీపుకు అంటుకుని ఉంది. దడి సందులోంచి తెల్లోడి పీచు తోకను చూసింది. దాని బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. వేషాలు వేసుకున్నవాళ్ళ మధ్యకు వేషం లేకుండా పోతే పోలా?

ముందు పెంటకుప్పలో పొర్లింది, వాసన తెలియకుండా. తర్వాత ఎక్కడిదో కొబ్బరిపీచు ఏరుకొచ్చి, తన నిజం తోక చివర అబద్ధం తోకలా చుట్టుకుంది. వీరన్న సోములు వెంట ఊరి దారి పట్టడం చూసి, సరాసరి గుమ్మం దగ్గరికే వచ్చి, తల వంచుకుని నల్లత్త ముందు నిలబడింది. పక్క మకాంలో కుక్కపిల్లనని, ఇక్కడ ఏదో క్యాంపు పెట్టారని వాళ్ళమ్మ పంపిందని చెప్పింది. పేరేంటని నల్లత్త అడిగింది.

“ఆయ్, టైగరండి.”

“పేరు టైగరూ, వేషం నక్కానా? బాగుందిరా. ఎండన పడి వచ్చావు, లోపలికెళ్ళి నీడన కూర్చో నాయనా,” అని నల్లత్త కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది.

పిల్లలకు కొత్తవాడు దొరికితే పండగ కదా. చుట్టూ మూగారు. తెల్లోడికి మాత్రం ఒళ్ళు మండింది. తన తోక ముందు ఆ తోక ఏపాటిదని, అసలు నక్క మూతి అంత సన్నగా ఉండదని, చెవి కూడా సరిగ్గా కుట్టుకోలేదని వంకలు పెట్టాడు. నక్క ఒప్పుకుంది. తనకు నక్క వేషం కొత్త అని, అన్నగారి దగ్గర నేర్చుకుంటానని వినయంగా చెప్పింది. చుక్కమ్మ పిల్లల్లో అన్నిటికన్నా చిన్నది, పిందె అని దాని పేరు, పాపం అతన్ని వెక్కిరించొద్దని అందరినీ కసిరి, వెళ్ళి టైగరన్న ముందుకాళ్ళ మధ్యన కూర్చుంది.

నక్కకు నోట్లో నీళ్ళూరాయి. కానీ అది తెలివైనది. ఇప్పుడు ఒక్కదాన్ని నోట కరిస్తే, గుమ్మంలో గేదె, పక్కన మేక కొమ్ములు. కాస్త ఓపిక పడితే, పలహారం తర్వాత కునుకు ఉందట కదా, పెద్దవాళ్ళు కూడా కునుకు తీస్తారు. అప్పుడైతే ఒకటేం ఖర్మ, అన్నిటినీ తీరిగ్గా ఏరుకోవచ్చు. ఇలా అనుకుని పిందె తల మీద మూతి ఆనించి కూర్చుంది.

అప్పుడు చుక్కమ్మ గడ్డిమేటు వెనకనుంచి పలహారానికి చీమల పుట్ట వెదికి వస్తోంది. వచ్చి పిల్లల్ని చూసుకుంది. చూసుకుంటూ చూసుకుంటూ పిందె దగ్గర ఆగింది. పిందె మీదున్న మూతి చూసింది. తెగిన చెవి చూసింది.

కేక గొంతు దాకా వచ్చింది. వేస్తే పిందె అక్కడే, ఆ కాళ్ళ మధ్యనే, నేలకు కరుచుకుపోతుంది. కళ్ళు కూడా ఆర్పకుండా. అంతటి బుద్ధిమంతురాలు అది. చుక్కమ్మ ముక్కు బిగించి కేకను మింగేసింది. 

నల్లత్తకు చెబుదామా? నల్లత్త లేవాలంటే ముందు వెనక కాళ్ళు లేవాలి, తర్వాత ముందు కాళ్ళు లేవాలి, ఈలోగా పిందె ఉండదు. బంగారికి సైగ చేద్దామా? దాని నోరు ఆగదు. వీరన్న రావడానికి ఇంకా చాలా పొద్దు ఉంది. ఎవరూ లేరు. ఉన్నదల్లా అందరూ నవ్వే ఆ క్యాంపు ఒక్కటే. చుక్కమ్మ రెక్కలు సర్దుకుని, ఎప్పటిలాగే పెత్తనం నిండిన గొంతుతో మాట్లాడింది.

“కొత్తబ్బాయ్, లేచి నిలబడు. ఈ క్యాంపులో ముందు పలహారం ఉండదు. ముందు ఆట.”

ఆ వరస ఎప్పుడూ పాట, పరుగు, పలహారం కదా అని మచ్చోడు అడిగాడు. ఇవాళ వరస మారిందని చుక్కమ్మ చెప్పింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చుక్కమ్మత్త వరస మార్చడం వాళ్ళు పుట్టాక చూళ్ళేదు.

మామిడిచెట్టు మొదట్లో పెద్ద గంప బోర్లించి ఉంది, వెదురుది. మేకపిల్లలు పాలు తాగేయకుండా సోములు వాటిని దాని కింద మూస్తుంటాడు. చుక్కమ్మ దాన్ని చూపించి, ఇవాళ అది నక్క గుహ అంది. నక్క వేషం బాగా కట్టినవాళ్ళు గుహలోకి ముందు వెళ్ళి కూర్చోవాలి. నెమలి వేషాల పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చీకట్లో తడుముకుంటూ లోపలికి వచ్చి నక్కను పట్టుకోవాలి. ఇదీ ఆట.

నక్కకు తన చెవులను తానే నమ్మబుద్ధి కాలేదు. కునుకు దాకా ఆగనక్కర్లేదు. ఎవరికీ కనబడకుండా, గంప చాటున, ఒక్కొక్కటే నోట్లోకి నడిచి వస్తుందట. తెల్లోడు తానే అసలు నక్కనని ముందుకు దూకాడు. నక్క వాడిని పక్కకు నెట్టి, కొత్తవాళ్ళకే ముందు అవకాశమివ్వడం మర్యాద కదండీ అంది.

“అవును, వాడే వెళ్ళాలి,” అంది చుక్కమ్మ. “బంగారీ, గుహ తలుపు నీది. కొమ్ముతో గంప అంచు ఎత్తి పట్టుకో. నేను చెప్పినప్పుడు దించు.”

బంగారి ఎత్తి పట్టుకుంది. నక్క లేచింది. అడుగులో అడుగు వేసుకుంటూ గంప కిందికి దూరింది, తోక కూడా లోపలికి లాక్కుంది. చుక్కమ్మ దించమని చెప్పబోయింది. అంతలో పిందె, టైగరన్న చీకట్లో ఒక్కడే భయపడతాడని, దాని వెనకే పరుగెత్తింది. దాని ముక్కు అప్పటికే గంప నీడలోకి వెళ్ళిపోయింది.

కేక వేస్తే ఆగుతుంది, కానీ ఆ గంప అంచు కిందే ఆగుతుంది. ఆగమంటే ఆగదు. అప్పుడు చుక్కమ్మ ఎన్నడూ చేయని పని చేసింది. కోడితల్లికి ఇంకో పిలుపు ఉంటుంది, పురుగో గింజో దొరికినప్పుడు “కొక్కొక్కొ” అని మెత్తగా పిలిచేది. ఆ పిలుపు వింటే పిల్లలు దేన్నయినా వదిలి పరుగెత్తుకొస్తాయి, ఎందుకంటే ఆ పిలుపు పిలిచి ఏ తల్లీ వట్టి ముక్కు చూపించదు. చుక్కమ్మ ముక్కులో ఏమీ లేదు. అయినా నేలను గీకుతూ, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా, కొక్కొక్కొ అని పిలిచింది.

పిందె టక్కున వెనక్కి తిరిగింది. పిల్లలన్నీ వచ్చి చుక్కమ్మ కాళ్ళ దగ్గర పడ్డాయి.

“దించు బంగారీ.”

గంప నేలను తాకింది.  వెదురు గంప నక్కను ఎంతసేపు ఆపుతుంది?

“నల్లత్తా, నీకు వేషం కావాలన్నావు కదా. గుహ ఉన్నచోట కొండ ఉండాలి. నువ్వు కొండవి. వచ్చి గంప మీద గడ్డం ఆనించి కూర్చో. నేను చెప్పేదాకా కొండ కదలకూడదు.”

నల్లత్త మొహం చూడాలి అప్పుడు. వెనక కాళ్ళు లేపింది, ముందు కాళ్ళు లేపింది, నిదానంగా నడిచొచ్చి, గంపను ఆనుకుని కూలబడి, కొమ్ములతో సహా తలకాయ దాని మీద పెట్టింది. వెదురు కిర్రుమంది. ఇంత మంచి వేషం తనకే ఇచ్చినందుకు సంబరంగా తోక ఊపింది.

లోపల నక్క కాసేపు ఓపిక పట్టింది. పిల్లలింకా రాలేదేమండీ అని అడిగింది.  కాలితో గీకింది. కొండ కదల్లేదు. అప్పటికి దానికి అర్థమైంది. బంగారికి కూడా అప్పుడే గంప సందులోంచి వాసన తగిలినట్టుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుని వచ్చి, పారిపోయే దారి ఏదైనా ఉంటే దానికి అడ్డంగా కొమ్ములు పెట్టి నిలబడింది. జీవితంలో మొదటిసారి నోరు మెదపలేదు.

చుక్కమ్మ మాత్రం అవేవీ చూడట్లేదు. పిలిచి వట్టి ముక్కు చూపించిన తల్లి కాకూడదని, ఆ ఎండిన నేలను రెండు కాళ్ళతో పిచ్చిగా గీకుతోంది. గోళ్ళు నొప్పి పుట్టేదాకా గీకాక, గోలెం పక్కన తడిమట్టిలో ఒక సన్నటి వానపాము దొరికింది. దాన్ని తెచ్చి పిందె ముందు పెట్టింది. పిందె అందులో సగం ముక్కు చివర పట్టుకుని, గంప దగ్గరికి పోయి, వెదురు సందులోంచి లోపలికి తోసింది. టైగరన్నకు ఆకలేస్తుందట.  కాసేపటికి ఆ సగం వానపాము మాయమైంది. నిజం చెప్పొద్దూ, ఆ పూట నక్కకు దొరికిన తిండి అదే.

పొద్దు వాలాక సోములూ వీరన్నా వచ్చారు. వీరన్న గుమ్మంలోంచే వాసన పట్టి గొడవ మొదలుపెట్టింది. సోములు కర్ర తీసుకుని, గేదెను అదిలించి, గంప లేపాడు. నక్క బాణంలా దూసుకుపోయింది. వీరన్న గట్టు దాకా తరిమి, మిగిలిన చెవిని కూడా కాస్త చీల్చి వదిలిపెట్టింది. వాకిట్లో కొబ్బరిపీచు ముక్క ఒకటి మిగిలింది. చూశారా, వాడిది దొంగ తోకే అన్నాడు తెల్లోడు.

చుక్కమ్మ పిల్లల్ని దగ్గరికి పిలిచి, అది వేషం కాదని చెప్పింది. కిందటేటి సంగతి కూడా అప్పుడే, అందరి ముందూ చెప్పింది. తన కేక, పిల్లల బుద్ధి, నక్క తాపీగా ఏరుకోవడం, అన్నీ. బంగారి తల దించుకుంది. ఇన్నాళ్ళూ ఆ కంగారు చూసి నవ్వినందుకు దానికి సిగ్గేసింది. పిందె మాత్రం ఒకటే అడిగింది.

“మరి నేను దాని ఒళ్ళో కూర్చున్నానా అమ్మా?”

“కూర్చున్నావు. నేను కేక వేసుంటే అక్కడే కూర్చుని ఉండేదానివి.”

ఆ రాత్రి చుక్కమ్మ హాయిగా నిద్రపోయింది. తెల్లారేసరికి కొత్త వారం ప్రకటించింది, కేకల వారం. వంశంలో లేని కేక ఒకటి కొత్తగా కట్టింది. పాత “క్రర్” ఆకాశానికి, అది వింటే నేలకు కరుచుకోవాలి. కొత్తది నేల మీది శత్రువుకు, “కట్ కట్ కటా” అని. అది వింటే కళ్ళు మూసుకుని పరుగెత్తి నల్లత్త పొట్ట కిందికి దూరాలి. పొద్దున, మధ్యాహ్నం, కునుకు మధ్యలో, పలహారం మధ్యలో, ఎప్పుడు పడితే అప్పుడు చుక్కమ్మ రెండింటిలో ఏదో ఒకటి వేసేది. మొదట్లో పిల్లలు పడుకోవలసినప్పుడు పరుగెత్తారు, పరుగెత్తవలసినప్పుడు పడుకున్నారు. గుండోడు కూడా ప్రతిసారీ వాళ్ళమ్మ పొట్ట కిందికే దూరబోయి ఇరుక్కుపోయేవాడు. వారం తిరిగేసరికి ఒక్క అడుగు తప్పలేదు. అప్పుడు చుక్కమ్మ ఎవరూ అడక్కుండానే గుమ్మం తీయించి, చల్లబడ్డ వేళ నల్లత్తను వెంటబెట్టుకుని పిల్లలందరినీ గట్టు మీదికి తీసుకెళ్ళింది.

నల్లత్త ఇప్పటికీ ఎవరు పలకరించినా అడవి వారంలో తాను కొండ వేషం వేశానని, మంచి పేరొచ్చిందని చెబుతుంది.

నక్క సంగతంటారా? గట్టు అవతల తుమ్మపొదలో కూర్చుని, రెండు చెవులూ నాకి మాన్పుకుంటూ, రోజూ ఆ కేకలు వింటూనే ఉంది. తోటి నక్క ఒకటి వచ్చి, రాయుడుగారి మకాంలో ఏదో క్యాంపు జరుగుతోందట, పోదామా అని అడిగింది. తెగిన చెవుల నక్క నిట్టూర్చింది.

“వద్దులే తమ్ముడూ. నేనెళ్ళొచ్చాను. సగం వానపాము పెడతారు, కొండ కింద కూర్చోబెడతారు.”

పిల్లల చుట్టూ దడి ఎంత గట్టిగా కట్టినా, దడి దాటి వచ్చినవాడి ముందు ఏం చేయాలో నేర్పితేనే ఆ కట్టడం పూర్తయినట్టు.